పదిహేనేళ్లు దాటిన ఎస్‌యూవీకి గేర్‌బాక్సు మార్చాలా, విప్పి బాగుచేయించాలా?

ప్రశ్న (రాయగడ నుంచి):
అందరికీ నమస్కారం. మాది 2010 మార్చిలో నాన్నగారు కొన్న డీజిల్ ఎస్‌యూవీ, ఓఆర్ 18 నంబరు. వెనక చక్రాలకు డ్రైవు, అయిదు గేర్ల మాన్యువల్. 1,86,000 కిలోమీటర్లు తిరిగింది. బట్టల వ్యాపారం పని మీద వారానికి రెండుసార్లు లక్ష్మీపురం మీదుగా కోరాపుట్ వెళ్లి వస్తాను. రెండు నెలలుగా గేర్‌బాక్సులోంచి ఈల వేసినట్టు సన్నని మోత. పోయిన వారం ఘాట్ దిగుతూ యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీయగానే మూడో గేరు దానంతట అదే న్యూట్రల్‌లోకి వచ్చేసింది. పక్కన అమ్మ ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడుతున్నాయి.

ఒక షెడ్డులో చూపిస్తే, విప్పకుండానే గేర్‌బాక్సు పోయిందన్నారు. కొత్తదానికి రూ.95,000, బిగింపు కూలి రూ.8,000. వేరే బండి నుంచి తీసిన పాతది వేస్తే రూ.38,000 అట. అమ్మితే బండికి రెండు లక్షలైనా వస్తాయో రావో. ఏం చేయమంటారు?

జవాబు (జయపురం నుంచి):
తమ్ముడూ, వయసులో పెద్దవాణ్ణి కాబట్టి నువ్వు అంటున్నాను. సాలూరు, సుంకి ఘాట్‌లో 28 ఏళ్లు టాక్సీ నడిపాను. ముందు ఒక్క మాట విను. ఈ సంగతి తేలేదాకా ఆ బండితో ఘాట్ దిగవద్దు. దిగేటప్పుడు గేరు ఊడితే ఇంజను పట్టు పోతుంది, బరువంతా బ్రేకుల మీద పడుతుంది. బ్రేకులు వేడెక్కాక పెడల్ తొక్కినా బండి ఆగదు.

ఇక ఖర్చు. విప్పకుండా లక్ష రూపాయలు చెప్పినవారి మాట మీద ఒక్క రూపాయి కూడా పెట్టవద్దు. మోత ఏయే గేర్లలో వస్తోందో నువ్వు రాయలేదు, అసలు గుట్టంతా అక్కడే ఉంది. చదునైన రోడ్డు మీద ఒక్కో గేరులో నడిపి విను. ఇలాంటి అయిదు గేర్ల బండ్లలో చాలావాటికి నాలుగో గేరులో ఇంజను శక్తి లే షాఫ్టు (గేర్‌బాక్సు లోపలి పక్క ఇరుసు) మీదుగా పోకుండా నేరుగా మెయిన్ షాఫ్టుకు (శక్తిని చక్రాల వైపు పంపే ఇరుసుకు) అందుతుంది. మిగతా గేర్లన్నిటిలో లే షాఫ్టే బరువు మోస్తుంది. నాలుగులో మోత అణగి, మిగతావాటిలో వినిపిస్తే లే షాఫ్టు బేరింగులను అనుమానించాలి. ఒక్క గేరులోనే వస్తే ఆ గేరు పళ్లు చూడాలి. న్యూట్రల్‌లో బండి దొర్లుతున్నప్పుడూ అదే మోత ఉంటే వెనక ఇరుసులో చక్రాలను తిప్పే గేర్ల జత, అంటే క్రౌన్ పినియనో, చక్రం బేరింగో కావచ్చు. గేర్‌బాక్సుకు ఆ పాపం అంటగట్టి కొత్తది వేయించుకున్నవాళ్లను చూశాను.

తరువాత బండి నిలిపి, న్యూట్రల్‌లో ఇంజను నడుస్తుండగా క్లచ్చు తొక్కు. తొక్కగానే మోత ఆగితే లోపలి షాఫ్టుల బేరింగులు. తొక్కినప్పుడే మొదలైతే క్లచ్చును విడిపించే రిలీజ్ బేరింగు. దానికైతే గేర్‌బాక్సు దించాలే గానీ విప్పనక్కర్లేదు.

చివరగా ఆయిలు దింపించి చూడు. దింపే ముందు పైన నింపే ప్లగ్గు ఊడుతుందో లేదో చూడమను; అది బిగుసుకుపోయి ఉంటే, ఖాళీ చేసిన తరువాత నింపే దారి ఉండదు. డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద పట్టి ఉంటే భయం లేదు. ఆయిలులో బంగారు రంగు పొడి మెరిస్తే అది గేరు మెత్తగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగుల అరుగుదల. గోళ్లతో పట్టుకోగలిగిన ఉక్కు ముక్కలుంటే మాత్రం పళ్లో, బేరింగో విరిగినట్టే.

ప్రశ్న అడిగినవారు:
మీరు చెప్పినట్టే చేశానండీ. ఒకటి, రెండు, మూడు, అయిదులో మోత ఉంది, నాలుగులో దాదాపు లేదు. క్లచ్చు తొక్కితే ఆగిపోతోంది. ఆయిలు లీటరున్నర కూడా రాలేదు, నల్లగా ఉంది. బంగారు పొడి ఉంది, ముక్కలు లేవు. గేర్‌బాక్సు వెనక, ఆయిలు కారకుండా ఆపే సీలు దగ్గర తడి కనిపించింది.

జవాబు (పర్లాకిమిడి నుంచి):
పాత గేర్‌బాక్సు గురించి నా అనుభవం చెబుతాను. మూడేళ్ల క్రితం రూ.30,000 పెట్టి వేయించాను. ఏడు నెలలకే రెండో గేరు గరగరలాడింది. అమ్మినవారు చేతిరాత చీటీ కూడా ఇవ్వలేదు, అడగడానికి ఆధారం లేకపోయింది. మీరు కొనాలనుకుంటే ఇంజను వైపు ఉండే ఇన్‌పుట్ షాఫ్టును చేత్తో పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడండి, అన్ని గేర్లూ వేసి తిప్పండి, బిల్లు మీద గ్యారంటీ గడువు రాయించండి. రెండు చక్రాల డ్రైవు బండికీ నాలుగు చక్రాల డ్రైవు బండికీ గేర్‌బాక్సు ఒకటి కాదు. ఒక్క నిశ్చింత ఏమిటంటే, ఆర్‌సీలో ఛాసిస్, ఇంజను నంబర్లే ఉంటాయి, గేర్‌బాక్సు నంబరు ఉండదు. అందువల్ల రవాణా కార్యాలయం చుట్టూ తిరిగే పని లేదు.

జవాబు (జయపురం నుంచి):
తమ్ముడూ, నువ్వు చెప్పిన లక్షణాలన్నీ లే షాఫ్టు బేరింగుల వైపే చూపిస్తున్నాయి. సీలు కారి ఆయిలు తగ్గింది, ఆయిలు లేక బేరింగు అరిగింది, షాఫ్టు ఊగి మూడో గేరు ఊడుతోంది. ఎదురుగా నిలబడి విప్పించు. హౌసింగులో (గేర్‌బాక్సు బయటి లోహపు గుల్లలో) బేరింగు కూర్చునే చోటు అరగకుండా, గేరు పళ్లు బాగుంటే మరమ్మతే మేలు. హౌసింగే చెడితే పాతదో కొత్తదో తప్పదు.

ఎలాగూ దించుతున్నారు కాబట్టి క్లచ్చు ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, ఇంజను వెనక ఆయిల్ సీలు అన్నీ చూపించు. అరిగినవి ఇప్పుడే మార్పించు. రేపు వాటి కోసం మళ్లీ దించితే అదే కూలి రెండోసారి ఇవ్వాలి. ఆయిలు విషయంలో గట్టిగా ఉండు: బండి పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే. క్రౌన్‌కు పోసే జీఎల్-5 రకం ఆయిలునే గేర్‌బాక్సులోనూ పోసేస్తుంటారు; జీఎల్-4 రకం అడిగే గేర్‌బాక్సుల్లో అది ఇత్తడి రింగులకు మంచిది కాదు.

కొటేషన్ కాగితంలో పన్ను కూడా చూడు. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన భాగాలకు జీఎస్టీ 18 శాతం. 28 అని ఉంటే పాత లెక్క. బండికి పదిహేనేళ్లు దాటాయి కదా, రిజిస్ట్రేషన్ పొడిగించావా?

ప్రశ్న అడిగినవారు:
కిందటేడాది రూ.5,000 కట్టి పొడిగించానండీ, 2030 దాకా ఉంది. అందుకే అమ్మడానికి మనసు ఒప్పలేదు.

నిన్న పార్వతీపురంలో నా ఎదుటే విప్పారు. లే షాఫ్టు బేరింగులు పోయాయి, మూడో గేరును పట్టి ఉంచే స్లీవు పళ్ల అంచులు గుండ్రబడ్డాయి. హౌసింగు బాగుంది. బేరింగులు, సీళ్లు రూ.9,400, మూడో గేరు హబ్బు, స్లీవు, సింక్రో రింగులు రూ.7,800, క్లచ్చు సెట్టు రూ.9,500, ఆయిలు రూ.1,100, కూలి రూ.7,500. మొత్తం రూ.35,300. పాత బేరింగు ఇంటికి తెచ్చుకున్నాను. వేలితో తిప్పితే లోపల ఇసుక పోసినట్టు గరగరమంటోంది, లోపలి రింగులో గోరు తట్టేంత గుంట ఉంది. ఎల్లుండి ఒక్కణ్ణే లక్ష్మీపురం దాకా వెళ్లి, ఘాట్‌లో మూడో గేరు మీద దిగి చూస్తాను. అది నిలిస్తేనే అమ్మను ఎక్కించుకుంటాను.