కైరోలో మన్సా మూసా అప్పులపాలు కావడానికి దుబారాయే కారణమా?

చర్చ ప్రారంభం:
పశ్చిమ ఆఫ్రికాలోని మాలి చక్రవర్తి మన్సా మూసా 1324లో హజ్ యాత్రకు వెళుతూ ఈజిప్టులోని కైరోలో విడిది చేసి, చేతికి ఎముక లేనట్టు బంగారం పంచిపెట్టాడు. మక్కా నుంచి తిరిగి వచ్చేసరికి చేతిలో ఏమీ మిగలక, ఇంటికి చేరడానికి ఆ నగర వర్తకుల దగ్గరే అప్పు చేయవలసి వచ్చింది. ఇది కేవలం దుబారా ఫలితమని నా అభిప్రాయం. మీరేమంటారు?

సమాధానం 1:
తప్పంతా ఆయన మీదికి నెట్టడం అన్యాయమండీ. ఈజిప్టు సుల్తాను అల్ నాసిర్ ముహమ్మద్ ఆస్థానానికి వచ్చిన పరాయి రాజు కానుకలు ఇవ్వకుండా గౌరవం నిలుపుకోలేడు. వర్తకుల సంగతి చూడండి. పన్నెండేళ్ళ తరువాత కైరోలో విచారించి రాసిన అరబ్ చరిత్రకారుడు అల్ ఉమరీ, ఒక్క దీనారు (బంగారు నాణెం) విలువైన వస్త్రాన్ని మాలి యాత్రికులకు ఐదు దీనార్లకు అంటగట్టారనీ, ఎవరేం చెప్పినా నమ్మే ఆ యాత్రికులు అడిగినంతా ఇచ్చేశారనీ చెబుతాడు. అప్పుల మీదనైతే 300 దీనార్లకు 700 లాభం పిండుకున్నారు. ఇంత దోపిడీని పక్కన పెట్టి దానం చేసినవాడిని నిందించడం నాకు బాధ కలిగిస్తోంది.

సమాధానం 2:
దోపిడీ నిజమే, కానీ అది అప్పటికే ఉన్న ఇబ్బందిని పెంచింది తప్ప పుట్టించలేదు. అసలు కీలకం బంగారం ధరలో ఉంది. అంతకుముందు కైరోలో మిస్కాలు, అంటే సుమారు నాలుగు గ్రాముల బంగారం, 25 దిర్హమ్‌ల (వెండి నాణేల) కంటే దిగేది కాదు. ఆయన వచ్చి వెళ్ళాక 22కూ అంతకంటే దిగువకూ పడిపోయి, అల్ ఉమరీ రాసేనాటికీ కోలుకోలేదు. అమీర్లకూ (సేనాధిపతులకూ) కొలువులోని ఉద్యోగులకూ పంచిన బంగారమంతా అదే అంగళ్ళలోకి చేరడంతో, ఆయన దగ్గర మిగిలిన బంగారానికి వచ్చే సరుకు కూడా తగ్గింది. గనులేమో సహారాకు ఆవల, నెలల ప్రయాణ దూరంలో ఉన్నాయి. తిరుగుదారి ఖర్చును ముందే విడిగా తీసిపెట్టకపోవడం పాలకుడి బాధ్యతా లోపమే.

చర్చ ప్రారంభించినవారు:
ధర పడిపోయిన విషయాన్ని ఒప్పుకుంటాను, అయినా ఆ పతనం ఆయన పంపకం వల్లనే కదా. అయితే ఒక మాట జోడించాలి. అప్పిచ్చిన వారిలో ఒకడైన అలెగ్జాండ్రియా వర్తకుడు సిరాజుద్దీన్ బాకీ వసూలుకు స్వయంగా బయలుదేరి మాలి సామ్రాజ్యంలోని టింబక్టు నగరంలో మరణించాడు. 1353లో అక్కడ ఆయన సమాధిని చూసిన యాత్రికుడు ఇబ్న్ బతూతా, సిరాజుద్దీన్ కొడుకు మాలి రాజధానికి వెళ్ళి సొమ్ము రాబట్టుకుని ఈజిప్టుకు తిరిగి వచ్చాడని రాశాడు. అంటే మాలి ఖజానా దివాలా తీయలేదు, వెంట తెచ్చుకున్న సొమ్ము మాత్రమే అయిపోయింది.