అద్దె ఇళ్లు: మొదటి లోను తీరాక రెండోది కొనాలా, ఉండగానే కొనాలా?

తొలి_అడుగు
అద్దెకిచ్చిన ఇల్లు ఒకటి ఉంది, లోను సగం తీరింది. ఇప్పుడు చేతిలో ఉన్న డబ్బుతో ఒక్క పనే చేయగలను. మిగతా లోను కట్టేయాలి, లేదా దీన్నే డౌన్‌పేమెంటుగా పెట్టి ఇంకో ఇల్లు తీసుకోవాలి. పదిహేనేళ్లలో నాలుగిళ్ల అద్దె రావాలని నా కోరిక. జీతం తప్ప వేరే ఆధారం లేదు. మా ఆవిడ అప్పు తీర్చేద్దామంటోంది, మా తమ్ముడు కొనమంటున్నాడు. ఇద్దరి మాటా సబబుగానే ఉంది. ఈ దారిలో నడిచినవాళ్లు చెప్పండి.

నాలుగో_గుమ్మం
కొనండి. ఉన్నది ఒక్కటే అయితే అది ఖాళీ అయిన నెల మీ అద్దె సున్నా. నాలుగుంటే ఒకటి ఖాళీ అయినా ముప్పావు వంతు వస్తుంది. ఇంకో మాట. ఇంటి ధర 100 అనుకోండి. మీ 20, అప్పు 80. ధర 10 శాతం పెరిగితే మీ 20 కాస్తా 30 అవుతుంది. మొత్తం సొంత డబ్బు పెట్టినవాడికి 100 మీద వచ్చిన 10, మీకు 20 మీదే వచ్చింది. వాయిదాలు అద్దెదారు కడతాడు. మొదటిది తీరేదాకా ఆగి ఉంటే నేను ఈపాటికి రెండు ఇళ్లు దాటేవాణ్ని కాదు.

లెక్కల_చిట్టా
అదే ఇల్లు 10 శాతం తగ్గితే మీ 20లో సగం పోతుంది. ఈ వైపు కూడా చెప్పాలి కదండీ.

వాయిదా అద్దెదారు కడతాడన్నారు, అక్కడ కాసేపు ఆగుదాం. 80 అప్పు, 6 శాతం వడ్డీ, 20 ఏళ్లు. వాయిదా నెలకు 0.57, ఏడాదికి దాదాపు 6.9. అద్దె నెలకు 0.8 వేద్దాం. చాలాచోట్ల ఇంత రాదు, ఉదారంగానే వేస్తున్నాను. ఏడాదికి 9.6. చూడ్డానికి 2.7 మిగులు. ఒక్క నెల ఖాళీగా ఉంటే 8.8కి దిగింది. పన్ను, బీమా, రిపేర్లు, కొత్తవాళ్లు వచ్చేముందు రంగులు, అన్నీ కలిపి అద్దెలో 30 శాతం తీసేస్తే 5.9. వాయిదాకి ఇంకా 1 తక్కువ. ఆ ఒకటి మీ జీతంలోంచే రావాలి. ఇలాంటివి నాలుగైతే ఏమిటో మీరే వేసి చూడండి.

నాలుగో_గుమ్మం
లెక్క ఒప్పుకుంటాను. కానీ ఆ 6.9లో మొదటి ఏడాదే 2 పైచిలుకు అసలుకి జమ అవుతుంది, అది మీ ఆస్తే. పైగా అద్దె ఏటా పెరుగుతుంది, వాయిదా పెరగదు. మొదటి రెండు మూడేళ్లు బిగపట్టుకుంటే చాలు.

లెక్కల_చిట్టా
స్థిర వడ్డీ అయితే పెరగదు. మారే వడ్డీ అయితే? 6 నుంచి 9కి వెళ్తే, అదే గడువుకి వాయిదా 0.57 నుంచి 0.72 అవుతుంది, పావు వంతు ఎక్కువ. జరగనిదేం కాదు: 2022 మార్చి మొదట్లో సున్నాకి దగ్గరగా ఉన్న తన వడ్డీ రేటును అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 2023 జులైకల్లా 5.25–5.5 శాతానికి తీసుకెళ్లింది. అసలుకి జమైంది మీ ఆస్తే, కాదనను. గోడల్లో ఉన్న ఆ డబ్బుతో వచ్చే నెల వాయిదా మాత్రం కట్టలేరు.

పాత_తాళాలు
నాలుగో_గుమ్మం గారి ముప్పావు వంతు లెక్కనే నేనూ నమ్మాను. చూసుకోవడం తేలికని మూడిళ్లూ ఒకే వీధిలో కొన్నాను. అద్దెకున్నవాళ్లలో ఎక్కువమంది దగ్గర్లోని ఒకే ఫ్యాక్టరీలో పనిచేసేవారు. అక్కడ షిఫ్టులు తగ్గించారు. రెండు నెలల్లో రెండిళ్లు ఖాళీ. ఆ వీధిలో అందరి ఇళ్లకూ అదే గతి, అద్దె తగ్గించినా వచ్చేవాళ్లు లేరు. ఎన్ని ఇళ్లున్నా అద్దెదారుల జీతాలన్నీ ఒకేచోట నుంచి వస్తుంటే అవి విడివిడి ఇళ్లు కావండీ.

ఇంకా పెద్ద తప్పు లోను దగ్గర చేశాను. వడ్డీ కాస్త తగ్గుతుందని మూడింటినీ కలిపి ఒకే తాకట్టు కింద పెట్టాను. ఒకటి అమ్మి మిగతావి కాపాడుకుందామంటే, అప్పిచ్చినవాళ్లు దాన్ని విడిచిపెట్టడానికి ఒప్పుకోలేదు. ఏడు నెలలు తిరిగాను. రాత్రి ఫోన్ మోగితే గుండె ఆగేది. చివరికి బాగున్న ఇంటినే తక్కువకి అమ్ముకున్నాను. ఆ ఇంటి తాళంచెవి ఇచ్చిన రోజు ఇంకా మరిచిపోలేదు.

అయినా ఇళ్లు కొనొద్దనను, ఇప్పుడూ రెండున్నాయి. ఒక్కో ఇంటికి ఒక్కో లోను, వేర్వేరు పేటలు.

కొత్త_మనిషి
ఇదంతా ఎందుకు, చాలామంది డబ్బు పోగేసి అద్దె ఆస్తులు కొనే ట్రస్టులుంటాయి, వాటిలో యూనిట్లు, అంటే వాటాలు, కొనుక్కోవచ్చు కదా?

లెక్కల_చిట్టా
కొనొచ్చు, అమ్ముకోవడమూ తేలిక. కానీ ఆయన అడిగింది ఇళ్ల గురించి.

తొలి_అడుగు
పాత_తాళాలు గారూ, అలాగైతే అప్పు తీర్చేయడమే మేలంటారా?

పాత_తాళాలు
అదీ తొందరపడి చేయొద్దంటాను. లోనులోకి కట్టేసిన డబ్బు మళ్లీ చేతికి రావాలంటే కొత్త అప్పు అడగాలి. ఉద్యోగం పోయిన రోజున ఎవరిస్తారు? కొన్నాక కూడా ఒక్కో ఇంటికి ఆరు నెలల వాయిదా, ఖర్చులు విడిగా మిగలాలి. మిగిలితే కొనండి. లేకపోతే మిగిలేదాకా ఆగండి. ఆ తర్వాతే ముందుగా తీర్చడం గురించి ఆలోచించండి.

నాలుగో_గుమ్మం
ఆరు నెలలు ఎక్కువ, నేను మూడుతోనే నడిపాను. ఆగినకొద్దీ ధర పెరిగితే ఆ నష్టం ఎవరు లెక్కేస్తారు? ఒకే తాకట్టు వద్దన్న మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

తొలి_అడుగు
రాత్రి మా ఆవిడతో కూర్చుని లెక్క వేశాను. డౌన్‌పేమెంటు, రిజిస్ట్రేషన్ ఖర్చులు పోను రెండిళ్లకీ కలిపి రెండు నెలల సొమ్మే మిగులుతోంది. ఆరుకే కాదు, మూడుకీ చాలదు. ఉన్న లోను మారే వడ్డీదని పత్రాలు తీశాకే గమనించాను. ఈ ఏడాది కొనడం లేదు, లోనూ కట్టేయడం లేదు. డబ్బు విడి ఖాతాలో వేశాం. స్థిర వడ్డీకి మార్చుకోవడానికి ఎంత అడుగుతారో రేపు వెళ్లి కనుక్కుంటాను.