సంగీతంలో ఎం.ఏ. చెయ్యాలా, గురువుగారి దగ్గర పాఠమే చాలా?

అడయార్ అమ్మాయి:

అందరికీ నమస్కారం. నాకు 24 ఏళ్లు. మాది నెల్లూరు, నాన్నగారి ఉద్యోగం వల్ల నా చిన్నప్పుడే చెన్నై వచ్చేశాం. బీకాం చేసి గిండీలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తున్నాను. మైలాపూర్‌లో ఒక గురువుగారి దగ్గర పదకొండేళ్లుగా గాత్రం నేర్చుకుంటున్నాను, వర్ణాలూ కృతులూ కలిపి నూట ముప్ఫై దాకా పాఠం అయింది, ఈ మధ్యే నెరవల్ (కృతిలో ఒక లైనునే రకరకాలుగా అల్లి పాడటం) మొదలుపెట్టించారు. ఇప్పుడు కర్ణాటక సంగీతంలో ఎం.ఏ. చెయ్యాలని బలంగా ఉంది. కనుక్కుంటే, బీకాం అయినా పాట విని తీసుకుంటామన్నారు. కాకపోతే పగటి క్లాసులు, ఉద్యోగం మానెయ్యాలి.

గురువుగారితో చెబితే కాసేపు ఏమీ అనలేదు. తంబూర తీగ సవరిస్తూ "డిగ్రీ గొంతులోకి రాదమ్మా" అన్నారు, అంతే. నాన్నగారేమో రెండేళ్ల జీతం పోతుంది, ఆ తర్వాత ఉద్యోగం ఎవరిస్తారని అడుగుతున్నారు. ఇద్దరికీ ఏం చెప్పాలో తెలియక వారం రోజులుగా సాధకం మీద కూడా మనసు నిలవడం లేదు. చేసినవాళ్లు, చెయ్యనివాళ్లు, మీకు నిజంగా ఏమనిపిస్తుందో చెప్పండి.

పాతకాలపు శ్రోత:

అమ్మాయీ, నేను నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో కచేరీలు వింటున్నాను. మీ గురువుగారి మాటే నా మాట. 24 నుంచి 26 అంటే గొంతు స్థిరపడే వయసు, రాగం ఆలపించడంలో సొంత ఆలోచన పుట్టే వయసు. ఆ రెండేళ్లూ నాలుగు సెమిస్టర్లకీ అసైన్‌మెంట్లకీ ఇంటర్నల్ మార్కులకీ ఇచ్చేస్తే, మళ్లీ తెచ్చుకోలేవు.

బాలమురళీకృష్ణ గారు బడిచదువే పెద్దగా చదవలేదు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గర నేర్చుకుని పసితనంలోనే కచేరీ చేశారు, తర్వాత విజయవాడ సంగీత కళాశాలకు ఆయన్నే ప్రిన్సిపాల్‌గా పెట్టుకున్నారు. శ్రీపాద పినాకపాణి గారు వృత్తికి డాక్టరు, కర్నూలు మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి, 1983లో మ్యూజిక్ అకాడమీ వాళ్ల సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. వీళ్లని సంగీతంలో నీ డిగ్రీ ఏదని ఎవరు అడిగారు? డిసెంబర్‌లో ఏ సభకైనా వెళ్లు, ముందు వరసలో కూర్చున్నవాళ్లు తోడి రాగం ఎలా ఎత్తుకున్నావో చూస్తారు, బయోడేటా చూడరు. అకౌంట్స్ ఉద్యోగం చేసుకుంటూ పొద్దున్నే సాధకం చేసుకో. అన్నం పెట్టే పని ఒకటి వేరే ఉంటే పాట మీద బరువు పడదు.

కోడంబాకం కోడలు:

నేను ఎం.ఏ. చేశాను, ఇప్పుడు ఒక స్కూల్లో మ్యూజిక్ టీచర్ని. పెద్దాయన చెప్పింది కచేరీ చెయ్యగలిగినవాళ్ల సంగతి. మరి మిగతావాళ్ల సంగతో? నాతో నేర్చుకున్నవాళ్లలో సభల్లో సాయంత్రం కచేరీ దొరికినవాళ్లు ఇద్దరే, మిగతావాళ్లందరం పాఠాలు చెప్పుకునే బతుకుతున్నాం. ఇంట్లో ట్యూషన్లు చెప్పుకుంటే పరీక్షలప్పుడు పిల్లలు మానేస్తారు, ఎండాకాలం సెలవులకి ఊరెళ్తారు, ఆ నెల ఫీజు రాదు. స్కూల్లో నెల తిరిగేసరికి జీతం పడుతుంది, అది డిగ్రీ వల్లే వచ్చింది.

ఇంకో సంగతి. కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే మామూలు దారి యూజీసీ నెట్ అనే అర్హత పరీక్ష, అది రాయాలంటే ఆ సబ్జెక్టులో పీజీ ఉండాలి, 55 శాతం మార్కులు రావాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్లకి 50. అందులో జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే రీసెర్చ్ చేసుకుంటూ నెలకి 37,000 వస్తుంది. ఎం.ఏ. లేకపోతే ఈ తలుపే తెరుచుకోదు. అయితే ఆర్టిస్టులకి వేరే దారి కూడా ఉంది, దాచి చెప్పడం నాకిష్టం లేదు. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం బ్యాచిలర్ డిగ్రీ ఉండి, పేరున్న గురువు దగ్గర నేర్చుకుని, ఆకాశవాణిలోనో దూరదర్శన్‌లోనో 'ఏ' గ్రేడ్ ఉండి, శాస్త్రం కూడా వివరించి చెప్పగలిగితే తీసుకోవచ్చు. కానీ రేడియోలో బీ, బీ-హై దాటి 'ఏ' గ్రేడ్ దాకా రావడం ఎంత కష్టమో ఆడిషన్ ఇచ్చినవాళ్లకి తెలుసు.

మంచే చెప్పి ఊరుకోను. ఎం.ఏ. అయ్యాక ఒక ప్రైవేటు కాలేజీలో మూడేళ్లు కాంట్రాక్టు మీద పని చేయించుకున్నారు, వచ్చే ఏడాది పర్మనెంట్ అంటూనే గడిపేశారు, ఎండాకాలం రెండు నెలలూ జీతం ఉండేది కాదు. ఆ కాలంలో ఎంత ఏడ్చానో మా ఆయనకే తెలుసు. నాన్నగారి టెన్షన్ అర్థం లేనిది కాదు అక్కా.

లక్షణమూ లక్ష్యమూ:

నేను ఇక్కడే ఎం.ఏ. చేసి ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తున్నాను. పైన ఇద్దరూ చెప్పింది విన్నాక నాకు ఒకటే అనిపించింది. ఒకరు ఎం.ఏ.ని పాటతో కొలుస్తున్నారు, ఇంకొకరు జీతంతో కొలుస్తున్నారు. అది వేటికి పనికొస్తుందో ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

మొదటి సెమిస్టర్ రెండో వారంలో మేడమ్ క్లాసుకి వచ్చి బోర్డు మీద 22 అని రాసి, ఈ మేళం (మిగతా రాగాలు పుట్టే మూలరాగం) పేరేమిటి అన్నారు. క్లాసంతా ఒక్కసారే ఖరహరప్రియ అన్నాం. ఆవిడ ఒక లావుపాటి పుస్తకం తెచ్చి నా ముందు తెరిచి, నువ్వు తెలుగుదానివి కదా, చదువు అన్నారు. సుబ్బరామ దీక్షితులు గారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని. 22 దగ్గర శ్రీరాగం అని ఉంది. నేను రెండుసార్లు చదివాను, అచ్చు తప్పేమో అనుకున్నాను. పదేళ్లుగా ఏటా త్యాగరాజ ఆరాధనకి శ్రీరాగ పంచరత్నం గోష్ఠిలో కూర్చుని పాడుతున్నదాన్ని, శ్రీరాగం ఖరహరప్రియకి జన్యమని, అంటే అందులోంచి పుట్టిందని, బట్టీపట్టినదాన్ని. పాత శాస్త్రకర్త వేంకటమఖి సంప్రదాయంలో ఆ మేళానికి శ్రీరాగమే పేరని, మనం నేర్చుకునే పేర్ల పట్టిక గోవిందుడి సంగ్రహచూడామణి అనే గ్రంథం దారిలో వచ్చిందని, 28 దగ్గర మనం హరికాంభోజి అనేచోట ముత్తుస్వామి దీక్షితుల సంప్రదాయం వాళ్లు హరికేదారగౌళ అంటారని ఆ గంటలో తెలిసింది. ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ శ్రీరాగం సంచారాలు లోలోపల పాడుకుంటుంటే రాగం కొత్తగా వినిపించింది. ఇది నాకు ఏ పాఠంలోనూ దొరకలేదు, మా గురువుగారు చెప్పలేకపోయారని కాదు, పాఠానికి కూర్చున్న గంటలో పాటే చెప్పాలి కదా ఆయన.

ఇప్పుడు తెలుగువాళ్లందరికీ చెప్పాలనుకున్న మాట. ఆ పుస్తకం 1904లో ఎట్టయపురంలో అచ్చయింది, తమిళ దేశం నడిమధ్యన, తెలుగు భాషలో, తెలుగు లిపిలో. అంతకు ముందు తచ్చూరు సింగరాచార్యులు సోదరులు ఈ చెన్నపట్నంలోనే వేసిన సంగీత పుస్తకాలూ తెలుగులోనే ఉన్నాయి. త్యాగరాజస్వామి, శ్యామశాస్త్రి, క్షేత్రయ్య అందరి సాహిత్యమూ ఎక్కువగా మన భాషే. మా క్లాసులో వీటిని నేరుగా చదవగలిగింది నేనూ ఇంకొక అమ్మాయీ, ఇద్దరమే. మిగతావాళ్లు తమిళ లిపిలో రాసుకునేవాళ్లు, తమిళంలో క, గ, ఖ, ఘ అన్నిటికీ ఒకటే అక్షరం, అందుకని పక్కన చిన్న అంకె వేస్తారు, క పక్కన 3 వేస్తే గ. ఆ అంకె ఒకచోట రాలిపోతే మాట మారిపోతుంది. అయినా ఎంత శ్రద్ధో వాళ్లకి! నెరవల్ చేసే లైన్లో పదం ఎక్కడ విరగాలో తెలుసుకోవడానికి నా పక్కన కూర్చున్న అమ్మాయి లంచ్ టైమంతా నన్ను అడుగుతూ ఉండేది, నేను అర్థం చెబితే మర్నాడు అదే లైను పూర్తిగా వేరేగా పాడేది. భాష మనది, కష్టం వాళ్లది. మన పిల్లలు ఈ చదువుకి రాకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

సిలబస్‌లో లోపాలున్నాయి. ప్రాక్టికల్ పరీక్షలో ఒక్కొక్కరికీ దొరికేది కొన్ని నిమిషాలే, అందులో రాగం, తానం, పల్లవి అన్నీ అడుగుతారు. మనోధర్మం, అంటే అప్పటికప్పుడు సొంతంగా అల్లి పాడటం, అలా రాదు. అందుకే గురువుగారిని వదిలేసి ఎం.ఏ.కి వెళ్లమని నేను ఎవరికీ చెప్పను.

పాతకాలపు శ్రోత:

శ్రీరాగం సంగతి బాగా చెప్పావమ్మా, నాకూ తెలియదు. కానీ నా సందేహం తీరలేదు. ఆ పుస్తకం ఇప్పుడు నెట్‌లోనే దొరుకుతుంది, తెలుగు వచ్చినవాళ్లు ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. డిసెంబర్‌లో మ్యూజిక్ అకాడమీలో పొద్దున పూట లెక్చర్ డెమాన్‌స్ట్రేషన్లు జరుగుతాయి, లక్షణం (సంగీత శాస్త్రం) మీద ఎంతమంది పెద్దలు మాట్లాడతారో! పినాకపాణి గారు సంగీత సౌరభం సంపుటాలు రాసింది ఎం.ఏ. చదివా? తెలుసుకోవాలనే దాహం ఉండాలి. అది ఉంటే కాలేజీ అక్కర్లేదు, లేకపోతే కాలేజీ ఇవ్వదు.

లక్షణమూ లక్ష్యమూ:

బాబాయ్ గారూ, పినాకపాణి గారి పేరు ఎత్తారు కాబట్టి ఆయన శిష్యుల్లోనే చూడండి. నేదునూరి కృష్ణమూర్తి గారు మొదట విజయనగరం సంగీత కళాశాలలో చదివారు, ఆ తర్వాత పినాకపాణి గారి దగ్గర చేరారు. రెండూ కావలసి వచ్చాయి ఆయనకి. ఆ కాలేజీ 1919లో పెట్టింది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. ఇక్కడ మద్రాసు యూనివర్సిటీలో సంగీత శాఖ 1932 నుంచి ఉంది, సంగీత శాస్త్ర పండితులు సాంబమూర్తి గారి లాంటివాళ్లు జీవితమంతా దానికే ఇచ్చారు. గాయని సౌమ్య గారు ఐఐటీలో కెమిస్ట్రీ చదివాక కూడా సంగీతంలో పీహెచ్‌డీ చేశారు, 2019లో సంగీత కళానిధి అయ్యారు. ఆవిడ గొంతుకి ఆ చదువు అడ్డం రాలేదు కదా.

ఇంట్లో కూర్చుని చదవడం నేనూ చేశాను, ఎం.ఏ.కి ముందు. ఆ పుస్తకంలో గమకాలకి, అంటే స్వరాన్ని ఊపి పలికే పద్ధతులకి, గుర్తులు ఉంటాయి, కంపితానికి అల లాంటి గీత, ఇంకా చాలా. ఒక గుర్తుని నేను ఎనిమిది నెలలు తప్పుగా అర్థం చేసుకుని పాడుకున్నాను, సరిగ్గానే పాడుతున్నానని గర్వంగా కూడా ఉండేది. క్లాసులో వీణ మీద మేడమ్ ఆ స్వరాన్ని మీటి చూపించాక తెలిసింది, నేను చేస్తున్నది వేరే గమకం. ఇంట్లో తప్పు దిద్దేవాళ్లు లేరు. పాట తప్పయితే గురువుగారు దిద్దుతారు, చదువు తప్పయితే దిద్దడానికీ ఒక మనిషి కావాలి, కాలేజీ అంటే నాకు అదే.

వేలచేరి నాన్న:

తండ్రిగా ఒక్క మాట. మా పాప ఎం.ఏ. పూర్తి చేసి ఏడాదిన్నర ఖాళీగా ఉంది. పాడుతుంది, బాగా పాడుతుంది, కానీ రోజూ మధ్యాహ్నం మూడింటికి ఫోన్ పట్టుకుని అప్లికేషన్లు చూసుకుంటూ కూర్చుంటే నాకు గుండె పట్టేసినట్టుంటుంది. వద్దని చెప్పను. ఉద్యోగం మానే ముందు కనీసం ఏడాదికి సరిపడా డబ్బు పక్కన పెట్టుకోమ్మా, నాన్నని అడగాల్సిన అవసరం రాకుండా. అప్పుడు ఇంట్లో మాటలు తేలికగా ఉంటాయి.

పాతకాలపు శ్రోత:

గమకం సంగతి దగ్గర నేను ఒప్పుకుంటున్నాను, దిద్దేవాళ్లు ఉండాలి. కానీ పాఠం మానకూడదు, అది మాత్రం నేను వదలను. కాలేజీలో చేరాక వారానికి ఒక్కసారి గురువుగారి ఇంటికి వెళ్లి, పరీక్షలున్నాయని అదీ మానేసి, రెండేళ్లకి గురువు దగ్గర నేర్చుకున్న పాఠాంతరం మొత్తం చెదిరిపోయినవాళ్లని నేను చాలామందిని చూశాను, చూసినప్పుడల్లా బాధపడ్డాను.

అడయార్ అమ్మాయి:

నాలుగు రోజులు ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. మీరు రాసినవన్నీ ప్రింట్ తీసి నాన్నగారికి ఇచ్చాను. వేలచేరి నాన్నగారు రాసింది రెండుసార్లు చదివి, ఏమీ అనకుండా బ్యాంక్ పాస్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టారు. లెక్క వేసుకున్నాం. నా దగ్గర పదమూడు నెలలకి సరిపోతుంది, శనివారాలు ఇద్దరు పిల్లలకి ట్యూషన్ చెబితే ఇంకొంచెం లాగవచ్చు.

గురువుగారి దగ్గరకి శుక్రవారం పాఠానికి వెళ్లినప్పుడు 22వ మేళం సంగతి అడిగాను. ఆయన నవ్వి, లోపలికి వెళ్లి, అట్ట ఊడిపోయిన ఒక తెలుగు పుస్తకం తెచ్చారు. అదే పుస్తకంలోని ఒక భాగం. వాళ్ల గురువుగారిదట, ఈయనకి తెలుగు చదవడం రాదు, ముప్ఫై ఏళ్లుగా బీరువాలో ఉంది. "నువ్వు చదవగలవా" అన్నారు. ఒక పేజీ చదివాను. కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత, కాలేజీ ఎన్నింటికి మొదలవుతుందని అడిగారు, పదింటికన్నాను. "అయితే రోజూ ఆరింటికి వచ్చెయ్, ఏడున్నర దాకా పాఠం, ఈ పుస్తకం ఆదివారం" అన్నారు. పాత శ్రోత గారూ, మీ షరతు ఆయనే పెట్టేశారు.

అప్లికేషన్ నింపుతున్నాను. ప్రవేశ పరీక్షకి ఏ రాగం సిద్ధం చేసుకోవాలి? తోడి చేద్దామా, భయంగా ఉంది.

లక్షణమూ లక్ష్యమూ:

తోడి వద్దు, కల్యాణి గానీ శంకరాభరణం గానీ పాడు, నీకు బాగా అలవాటైన కృతి, దాంట్లోనే నెరవల్ రెండు కాలాల్లో. మమ్మల్ని తాళం వేస్తూ స్వరకల్పన (అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడటం) చెయ్యమన్నారు, అది కూడా చూసుకో. లక్షణం అడిగితే తెలిసింది మాత్రమే చెప్పు.

కోడంబాకం కోడలు:

బీకాం ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్, కన్సాలిడేటెడ్ మార్క్ లిస్ట్ ఒరిజినల్స్ ఈ వారమే తెచ్చిపెట్టుకో అక్కా. నాకు అక్కడే పది రోజులు ఆలస్యమైంది.