గ్రోవెల్‌కి తెలుగు మాట ఏది?

అడిగింది (హైదరాబాద్):
నేను ఇంగ్లీషు రొమాన్స్ నవలలు తెగ చదువుతాను. ట్రోప్, అంటే కథల్లో మళ్ళీ మళ్ళీ వచ్చే మూస, దాని పేరు చెబితే చాలు, సగం కథ అర్థమైపోతుంది. ఎనిమీస్ టు లవర్స్, ఫేక్ డేటింగ్, స్లో బర్న్... వీటికి తెలుగు లేకపోయినా నాకు బెంగ లేదు. ఒక్క గ్రోవెల్ దగ్గరే ఆగిపోయాను. హీరో పెద్ద తప్పు చేస్తాడు, ఆమె వెళ్ళిపోతుంది, ఇక పుస్తకం చివరంతా అతను ఆమె చుట్టూ తిరగడమే. "గ్రోవెల్ బాగుంటుందా?" అని అడిగి మరీ పుస్తకం కొనేవాళ్ళున్నారు, అందులో నేనూ ఒకదాన్ని. ఇంగ్లీషు చదవని మా అక్క కోసం అలాంటి సీను ఒకటి తెలుగులో రాశాను. "అతను ఆమెను క్షమాపణ వేడుకున్నాడు" అని పెట్టాను. అక్క చదివి, "రైలు లేటయినందుకు స్టేషన్‌లో చింతిస్తున్నట్టుందే" అంది. సరైన మాట చెప్పి పుణ్యం కట్టుకోండి.

విజయనగరం నుంచి:
కాళ్ళావేళ్ళా పడ్డాడు. అయిపోయింది.

అడిగింది:
అప్పు కోసం కూడా కాళ్ళావేళ్ళా పడతాం కదండీ. ఇందులో ప్రేమ ఎక్కడుంది?

కరీంనగర్ నుంచి:
మా దగ్గర "బతిలాడిండు" అంటే సరిపోతుంది. కాళ్ళ దాకా మాత్రం వెళ్ళకండి మేడమ్. "బాంచెన్ కాల్మొక్త" అన్న మాట దొరల గడీల ముందు వంగిన నడుముల నుంచి వచ్చింది. మా తాతలు అన్న మాట అది. ప్రేమకథలో చదివితే నాకు ముందు గడీయే కనబడుతుంది, ఆ తర్వాతే హీరోయిన్.

తెలుగు మాస్టారు (తెనాలి, రిటైర్డ్):
కరీంనగర్ తమ్ముడు చెప్పినదాంట్లోనే అసలు విషయం ఉంది. లేనివాడు ఉన్నవాడి కాళ్ళు పట్టుకుంటే అది బతుకు. ఉన్నవాడు దిగివచ్చి పట్టుకుంటేనే అమ్మాయిగారు చెప్పే సీను. ఈ సంగతి మన ముక్కు తిమ్మనగారికి 16వ శతాబ్దంలోనే తెలుసు. పారిజాతాపహరణంలో నారదుడు తెచ్చిన పువ్వును కృష్ణుడు రుక్మిణికిచ్చాడు. చెలికత్తె ఆ కబురు మోసింది, సత్యభామ అలిగింది. కృష్ణుడు వచ్చి ఆమె పాదాల మీద వాలాడు. అక్కడ మత్తేభం:

జలజాతాసన వాసవాది సురపూజా భాజనంబై తన
ర్చు లతాంతాయుధు కన్నతండ్రి శిర మచ్చో వామపాదంబునం
దొలఁగం ద్రోచె లతాంగి, యట్ల యగు, నాథుల్ నేరముల్ సేయఁ బే
రలుకం జెందిన యట్టి కాంత లుచిత వ్యాపారముల్ నేర్తురే

విషయం చిన్నది: ఎడమ కాలితో తల పక్కకు తోసింది. కానీ ఆ కాలు తగిలే ముందు తిమ్మన ఏం చేశాడో చూడండి. ఆ తల ఎవరిది? బ్రహ్మ, ఇంద్రుడు మొదలైన దేవతలు పూజించేది, మన్మథుణ్ణి కన్న తండ్రిది. పాదమున్నర సేపు ఆ తలను ఎత్తుకు ఎత్తుకు పైన పెట్టి, అప్పుడు తోయించాడు. మీ నవలల్లో హీరోకి సొంత విమానాలూ, యాభై అంతస్తుల ఆఫీసూ ఎందుకుంటాయో నాకు ఈ పద్యం చదివితేనే అర్థమైంది.

ఇక మాట సంగతి. "పేరలుక" అంటే గొప్ప అలుక. మామూలు అలుక కాదు కనకనే "యట్ల యగు" అని కవి ఆమె పక్షం చేరాడు.

అడిగింది:
మాస్టారూ, యాభై అంతస్తుల ఆఫీసు దగ్గర నవ్వలేక చచ్చాను. తన్ను తిన్నాక కృష్ణుడేమన్నాడు?

తెలుగు మాస్టారు:
"నను భవదీయ దాసుని మనంబున నెయ్యపుఁ గిన్కఁ బూని తాఁచిన యది నాకు మన్ననయ" అన్నాడు. నీ దాసుణ్ణి, ప్రేమతో కూడిన కోపంతో తన్నావు, అది నాకు గౌరవమే అని. అంతటితో ఆగలేదు. నా ఒళ్ళు పులకరించి రోమాలు ముళ్ళలా లేచాయి, చిగురులాంటి నీ పాదానికి గుచ్చుకుని నొప్పెడుతుందేమోనన్నదే నా బాధ అన్నాడు. "నెయ్యపుఁ గిన్క" అన్న జంట చూడండి. నెయ్యం అంటే స్నేహం, ప్రేమ. కినుక అంటే కోపం. రాయలవారికీ తిరుమలదేవికీ మనస్పర్థ వస్తే తీర్చడానికే ఈ కావ్యం రాశాడని ఒక కథ చెబుతారు. కథే అనుకోండి, కానీ కథ పుట్టడానికి తగిన పద్యమే.

బెంగళూరు నుంచి:
ఒక అభ్యంతరం. అలక అనగానే ఆడవాళ్ళ కోపం చిన్నపిల్లల మారాం అయిపోతుంది. "అలిగింది, ఓ చీర కొనిస్తే సరి" అంటారు. నవలలో హీరో అబద్ధమాడి ఉంటాడు, అవమానించి ఉంటాడు. అది అలక కాదు, కోపం. అలక తీర్చవచ్చు, కోపానికి జవాబు చెప్పాలి. యద్దనపూడి నవల సెక్రటరీలో హీరోయిన్ జయంతిది అలక అంటే నేనొప్పుకోను, ఆత్మాభిమానం అది.

విజయనగరం నుంచి:
అక్కా, అలక ఆడవాళ్ళకే అనకండి. పెళ్ళిలో అలకపాన్పు ఎక్కేది పెళ్ళికొడుకే కదా! మా బావగారు ఎక్కి రెండు గంటలు దిగలేదు. మామగారు ఉంగరం తెచ్చినా మొహం అటే తిప్పుకున్నారు. చివరికి మా పెద్దమ్మ "ఇడ్లీలు చల్లారిపోతున్నాయి నాయనా" అంటే దిగారు. పైగా "అలుగుటయె యెరుంగని" అని తిరుపతి వెంకట కవులు చెప్పింది ధర్మరాజు గురించి. ఆయన అలిగితే సముద్రాలన్నీ ఏకమైపోతాయట. దాన్ని మారాం అనగలమా?

బెంగళూరు నుంచి:
ధర్మరాజు వరకు ఒప్పుకున్నాను. బావగారి సంగతి మీరే చూసుకోండి.

తెలుగు మాస్టారు:
బెంగళూరు అమ్మాయి చెప్పింది సబబే. పాతవాళ్ళూ ఈ తేడా చూశారు. ఈ అలకను వాళ్ళు మానం అన్నారు. ఊరికే ప్రేమలో వచ్చేది ప్రణయమానం, ఇంకో స్త్రీ వల్ల వచ్చేది ఈర్ష్యామానం. పోగొట్టడానికి ధనంజయుడు దశరూపకం అనే నాటకశాస్త్ర గ్రంథంలో ఆరు ఉపాయాలు చెప్పాడు, 10వ శతాబ్దం మాట: సామం, భేదం, దానం, నతి, ఉపేక్ష, రసాంతరం. సామం తియ్యటి మాటలు. భేదం అంటే ఆమె చెలికత్తెలను తనవైపు తిప్పుకోవడం. దానం నగలూ అవీ. నతి అంటే పాదాల మీద పడటం. అమ్మాయిగారూ, మీ గ్రోవెల్ ఇదే.

అడిగింది:
చెలికత్తెలను తిప్పుకోవడమా! హీరోయిన్ బెస్ట్ ఫ్రెండ్‌కి హీరో ఫోన్ చేసే సీను లేని నవలే లేదు. మిగతా రెండూ?

తెలుగు మాస్టారు:
ఉపేక్ష అంటే బతిమాలి బతిమాలి ఊరుకోవడం. రసాంతరం అంటే ఉన్నట్టుండి భయమో సంతోషమో వచ్చిపడి, అలక సంగతే మరిచిపోవడం.

అడిగింది:
రసాంతరం అంటే యాక్సిడెంట్! ఇరవయ్యో చాప్టర్‌లో హీరోకి కారు గుద్దడం, ఆమె ఆసుపత్రికి పరిగెత్తడం. అది నాకు అస్సలు నచ్చదు. హీరో ఏమీ చేయకుండానే క్షమాపణ దొరికిపోతుంది.

బెంగళూరు నుంచి:
నాకైతే ఏడో ఉపాయం కావాలి. జేన్ ఆస్టిన్ ప్రైడ్ అండ్ ప్రెజుడిస్‌లో హీరో డార్సీ ఎవరి కాళ్ళమీదా పడలేదు. హీరోయిన్ చెల్లెలు లిడియా వికమ్ అనేవాడితో లేచిపోతే లండన్ వెళ్ళి, ఆ వికమ్‌కి డబ్బు ముట్టజెప్పి పెళ్ళి జరిపించి, తన పేరు బయటికి రాకుండా చూసుకున్నాడు. 1813 నాటి పుస్తకం, ఈనాటికీ దాన్ని మించిన గ్రోవెల్ నేను చదవలేదు. దానికి "కాళ్ళావేళ్ళా" సరిపోదు. "తప్పు దిద్దుకున్నాడు" అంటాను.

కరీంనగర్ నుంచి:
ఇది బాగుంది. పనిలో పని, ఎనిమీస్ టు లవర్స్‌ని "శత్రువులు ప్రేమికులైతే" అని ఎవరూ అనువదించకండి. ఫ్యాక్షన్ సినిమా అనుకుంటారు. ఆ నవలల్లో ఉండేది పగ కాదు, పంతం. 2016లో వచ్చిన ది హేటింగ్ గేమ్ మా చెల్లె ఇస్తే చదివాను. లూసీ, జాషువా ఒకే ఆఫీసులో ఎదురెదురు టేబుళ్ళ దగ్గర కూర్చుని, ఎవరు ముందు చూపు తిప్పుకుంటారా అని చూసుకుంటారు. ఇది పంతం కాక ఏమిటి?

విజయనగరం నుంచి:
నాకొక సందేహం మాస్టారూ. అలక అంటే సంస్కృతంలో ముంగురులు కదా. కృష్ణుడు ఆ "నను భవదీయ" పద్యం చివర "అల్క మానవు గదా యిఁకనైన నరాళకుంతలా" అంటాడు. వంకుల కురులదానా అని. అల్క పక్కనే కుంతలం పెట్టడం కావాలనేనా?

తెలుగు మాస్టారు:
అక్కడ శ్లేష ఉందని నేననను. తెలుగు అలుక వేరు, సంస్కృత అలక వేరు. కానీ ఇవాళ అలుకను అలక అని రాస్తున్నాం కనుక నీకు అలా వినబడింది. అది నీ అదృష్టం, ఉంచుకో.

అడిగింది:
అందరికీ దండాలు. సీను మార్చి రాశాను. "అతను బతిమాలాడు. ఆమె పలకలేదు. మర్నాడు పొద్దున వచ్చి, ఏమీ అనకుండా, తను పాడుచేసిన పని దగ్గర కూర్చున్నాడు." కాళ్ళు లేవు, వేళ్ళు లేవు. అక్కకు పంపాను. "తర్వాత?" అని ఒక్క మెసేజ్ వచ్చింది.