గుజ్జు ఫ్యాక్టరీలు చెప్పే "ప్రపంచ మాంద్యం" నిజమేనా? ఏ సూచీ చూడాలి?

లెక్కల_రమణ: సీజన్ దగ్గర పడింది. "బయట దేశాల్లో మాంద్యం, ఆర్డర్లు లేవు" అనే మాట చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల నుంచి మళ్లీ వినబడుతోంది. తేల్చుకోవడానికి నేనైతే పీఎంఐ చూస్తాను. 50 కింద ఉంటే తయారీ రంగం తగ్గుతున్నట్టు.

పోర్టు_శీను: పీఎంఐ అంటే కొనుగోలు మేనేజర్లను అడిగి వేసే లెక్క. సరుకు కదిలిందా లేదా అన్నది ఓడ బాడుగ చెబుతుంది. ఆ బాడుగల సూచీ బాల్టిక్ డ్రై ఇండెక్స్ 2008 మేలో 11,793. అదే ఏడాది డిసెంబరులో 663. ఇంకేం సాక్ష్యం కావాలి?

లెక్కల_రమణ: 2016 ఫిబ్రవరిలో అదే సూచీ 290కి పడింది. ఆ ఏడాది ప్రపంచ మాంద్యం రాలేదు. 2008కి ముందు ఎగబడి ఆర్డరిచ్చిన ఓడలు తర్వాతి ఏళ్లలో నీళ్లలోకి దిగాయి, ఓడలెక్కువై బాడుగ చచ్చింది. బాడుగ ఒక ధర మాత్రమే. గిరాకీ తగ్గి పడిందో, సరఫరా పెరిగి పడిందో అది చెప్పదు.

పోర్టు_శీను: 290 పట్టుకుని వేలాడకండి సార్. 2008లో ముందే చెప్పిందా లేదా?

స్వర్ణముఖి_వాసు: శీనన్నా, అందులో ఉండేది ఇనుప ఖనిజం, బొగ్గు, ధాన్యం మోసే ఓడలు. బాగా పెద్ద ఓడలు (కేప్‌సైజ్) 40, వాటికన్నా చిన్నవి (పనామాక్స్) 30, ఇంకా చిన్నవి (సుప్రామాక్స్) 30 శాతం. గుజ్జు పోయేది కంటైనర్లో కదా.

పోర్టు_శీను: కంటైనర్ బాడుగ చూసుకోండి. తేడా ఏముంది?

స్వర్ణముఖి_వాసు: 2024లో అది బాగా పెరిగింది. ఎర్ర సముద్రంలో దాడులకు భయపడి ఓడలు ఆఫ్రికా చుట్టి పోయాయి కాబట్టి పెరిగింది. దాన్ని చూసి గిరాకీ బాగుందనుకుంటే మునిగినట్టే.

బంగారుపాళెం_తోట: ఓడలు సరే. తోతాపురి కిలో ఎంత పలకాల? అది చెప్పండప్పా.

నగరి_నేత: అమెరికాలో రెండేళ్ల బాండు వడ్డీ పదేళ్ల బాండు వడ్డీని మించితే యీల్డ్ కర్వ్ తిరగబడింది, మాంద్యం వస్తుంది అంటారు. 2022 జూలై నుంచి 2024 సెప్టెంబరు దాకా అది తిరగబడే ఉండింది. అమెరికాలో మాంద్యం యాడ? అన్నీ గాలి లెక్కలే.

లెక్కల_రమణ: గాలి లెక్కలు కావు, చదివే పద్ధతి తప్పు. పీఎంఐ సంగతే చూడండి. నూరు కంపెనీల్లో 20 "పెరిగింది", 50 "అంతే ఉంది", 30 "తగ్గింది" అంటే, 20కి 50లో సగం కలిపి 45. తగ్గిన కంపెనీకి 2 శాతం తగ్గిందా, 40 శాతం తగ్గిందా అన్నది అందులో ఉండదు. ఇంకో చిక్కు: అమెరికాలో ఐఎస్ఎం అనే సంస్థ వేసే పీఎంఐలో కొత్త ఆర్డర్లు, ఉత్పత్తి, ఉద్యోగాలు, సరఫరాదారుల డెలివరీ, నిల్వలు, ఒక్కోదానికి 20 శాతం. డెలివరీ ఆలస్యమైతే సూచీ పెరుగుతుంది, గిరాకీ ఎక్కువై ఆలస్యమైందని లెక్క. 2021లో చిప్‌లు, ఓడలు దొరక్క ఆలస్యమైనా పెరిగింది. అందుకే మొత్తం సూచీ అంకె వదిలేసి కొత్త ఆర్డర్లలోంచి నిల్వలు తీసేసి చూస్తాను. ఆ తేడా వరుసగా మూడు నెలలు దిగితేనే పట్టించుకుంటాను.

స్వర్ణముఖి_వాసు: ఐఎస్ఎం తయారీ సూచీ 2022 నవంబరు నుంచి ఏడాదికి పైగా 50 కిందే ఉంది సార్. 2023లో అమెరికా జీడీపీ పెరిగింది. దీనికేమంటారు?

లెక్కల_రమణ: తయారీ అమెరికా ఆర్థికంలో చిన్న ముక్క, మిగతాదంతా సేవలు. ప్రపంచ వాణిజ్యం కావాలంటే కొరియా ఎగుమతులు చూడండి. నెల మొదటి 20 రోజుల లెక్క 21కే వస్తుంది. పనిదినాల సగటు తీయాలి. చాంద్రమాన కొత్త సంవత్సరం సెలవులు ఒక ఏడు జనవరిలో, ఒక ఏడు ఫిబ్రవరిలో పడతాయి, అందుకని ఆ రెండు నెలలూ కలిపి చదవాలి. చిప్‌లు తీసేసి కూడా ఒకసారి చూడాలి, లేకపోతే అవొక్కటే మొత్తం అంకెను లేపేస్తాయి.

పోర్టు_శీను: కొరియా చిప్‌లకీ మన గుజ్జుకీ ఏం సంబంధం సార్? పుస్తకం మూసి గోడౌన్‌కి రండి. డ్రమ్ముకి సుమారు 215 కిలోలు, ఇరవై అడుగుల కంటైనర్‌కి 80 డ్రమ్ములు. అవి కదలక పడుంటే వడ్డీ ఎవడు కడతాడు?

బంగారుపాళెం_తోట: ఇప్పుడు బయటికొచ్చినావు శీనూ. మాంద్యం, మాంద్యం అని మొత్తుకుండేది దీనికేనా? 2025లో కిలో 12 అన్నారు, ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. మా ర్యాంపులో (కాయ కొనే చోట) ఆ 8 కూడా పూర్తిగా ఇయ్యలా. అడిగితే "బయట దేశాల్లో కొనేవాడు లేడు" అన్నారు. ఆ ఏడు ప్రపంచం మునిగిందా?

లెక్కల_రమణ: మునగలేదు. ప్రపంచ బ్యాంకు లెక్కలో 1950 తర్వాత ప్రపంచ మాంద్యాలు 1975, 1982, 1991, 2009, 2020. అంతే.

పోర్టు_శీను: ప్రపంచం మునగకపోయినా మా బయ్యర్ కొనడం మానేయొచ్చు. పోయినేటి గుజ్జు గోడౌన్లో ఉండగా కొత్త కాయ ఏ ధరకు కొనమంటారు?

స్వర్ణముఖి_వాసు: అదీ మాట. అది పాత నిల్వ, మాంద్యం కాదు. రెండింటినీ విడదీయొచ్చు కూడా. కేంద్ర ప్రభుత్వ ఎగుమతుల సంస్థ ఎపెడా లెక్కల్లో మామిడి గుజ్జు ఎగుమతి దేశం వారీగా టన్నులూ, విలువా విడివిడిగా ఉంటాయి. సౌదీ, నెదర్లాండ్స్, యెమెన్‌లకు పోయిన టన్నులు తగ్గాయంటే అక్కడ గిరాకీయో, దారో దెబ్బతిన్నట్టు. టన్నులు నిలిచి, విలువను టన్నులతో భాగిస్తే వచ్చే ధర మాత్రమే పడిందంటే ఇక్కడ గుజ్జు అవసరానికి మించి తయారు చేసినట్టు. యెమెన్‌ని పక్కన పెట్టి చూడాలి, అక్కడ యుద్ధమే ఒక కారణం.

బంగారుపాళెం_తోట: అయితే కాయ తోలేదానికి టోకెన్లు ఇచ్చే ముందు ఒక్కో ఫ్యాక్టరీ ఎన్ని డ్రమ్ములు మిగిలిందో బోర్డు పెట్టాల.

పోర్టు_శీను: పెడితే బయ్యర్ చూసి ఇంకా దించుతాడు. అప్పుడు మీకిచ్చేదీ తగ్గుతుంది.

బంగారుపాళెం_తోట: బయ్యర్‌కి ఎప్పుడో తెలుసు శీనూ. తెలియంది మాకే.

నగరి_నేత: కలెక్టరేట్‌లో మీటింగ్ పెడితే జాయింట్ కలెక్టర్‌ని ఈ స్టాకు లెక్కే అడగండి. కొరియా సంగతి తర్వాత.

లెక్కల_రమణ: రెండూ అడగొచ్చు. ఎపెడా టన్నులు నేను తీసి ఇక్కడే పెడతాను. శీను గారూ, మీ గోడౌన్ లెక్క కూడా పక్కన పెట్టగలరా?

పోర్టు_శీను: ఓనర్‌ని అడగాలి.