ల్యాగింగ్ కింద ఎస్ఎస్ 304 క్రాక్: వెల్డు వేసిన ప్రతిసారీ పక్కన లేస్తోంది

పరవాడ మెయింటెనెన్స్
వేడినీళ్ల ట్యాంకు. షెల్ 6 ఎంఎం, ఎస్ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీలు), నీళ్లు 80 డిగ్రీలు, పైన ల్యాగింగ్, అంటే వేడి పోకుండా రాక్‌వూల్, దాని మీద అల్యూమినియం రేకు. 2 అంగుళాల నాజిల్ (పైపు తగిలించే మూతి) ప్యాడ్ వెల్డు పక్కన కారుతోంది. గ్రైండ్ చేసి 308ఎల్ రాడ్డుతో రెండుసార్లు వెల్డు కొట్టారు. కొట్టిన కొన్ని వారాలకే 30, 40 ఎంఎం అవతల మళ్లీ తడి. క్రాక్ ఎందాకా పాకిందో తేల్చేదెలా? వెల్డుతో ఆగుతుందా, ముక్క కోసి కొత్త ప్లేటు వేయాలా? తర్వాత ఏ ల్యాగింగ్ వేయాలి? షట్‌డౌన్ 3 రోజులే ఇస్తారు.

గాజువాక టిగ్
రాడ్డు వదిలేసి టిగ్‌కి (ఆర్గాన్ రక్షణలో చేసే వెల్డింగ్) రండి. క్రాక్ రెండు కొసల్లో 6 ఎంఎం డ్రిల్ హోల్, మధ్యలో వి గాడి, ఈఆర్308ఎల్ వైరు, టార్చికి నిమిషానికి 10-12 లీటర్ల ఆర్గాన్, లోపలివైపు కూడా ఆర్గాన్‌తో పర్జింగ్ (గాలిని తరిమెయ్యడం). రూట్ (వెల్డు అడుగు పొర) వెనక నల్లగా పంచదార పలుకుల్లా గరుకుగా తేలిందంటే పర్జ్ చాల్లేదని అర్థం. ఇంటర్‌పాస్ (ఒక పొరకీ తర్వాతి పొరకీ మధ్య వేడి) 150 డిగ్రీలు దాటనివ్వొద్దు. చెయ్యి పెట్టి చూడ్డం కాదు, టెంపరేచర్ చాక్ వాడండి. హోల్ కొట్టలేదు కాబట్టే పాకుతోంది.

లెవెల్ టూ ఇన్‌స్పెక్షన్
హోల్ సలహా ఈ కేసుకి తప్పు, దయచేసి ఎవరూ పాటించొద్దు. హోల్ కొట్టేది పాయలు లేకుండా ఒకే గీతగా పాకే ఫెటీగ్ (పదే పదే ఊగి అలిసిన) క్రాక్‌కి. ఇది లోహంలో బిగువున్న చోట క్లోరైడ్ (ఉప్పు) వల్ల వచ్చే స్ట్రెస్ కరోజన్ క్రాక్. చెట్టు వేరులా చీలుతుంది, ఒక్కో పాయ మళ్లీ పాయలవుతుంది. ఏ కొసలో కొడతారు హోల్? పైగా వెల్డు చల్లారుతూ ముడుచుకున్నప్పుడు, కంటికి కనిపించకుండా మిగిలిన పాయల్ని అదే లాగి తెరుస్తుంది. ఆ 40 ఎంఎం అవతలి తడి అలా వచ్చిందే.

డీపీ (డై పెనెట్రెంట్, రంగు పూసి క్రాక్ చూసే టెస్టు) ఎలా చేశారో రాయలేదు. ట్యాంకు 52 డిగ్రీల కిందికి చల్లారాకే మామూలు డీపీ కిట్టు వాడాలి. గట్టిగా గ్రైండ్ చేస్తే క్రాక్ నోరు పూడుకుపోయి ఏమీ కనిపించదు. ఫ్లాప్ డిస్కుతో తేలిగ్గా రుద్దండి. పెనెట్రెంట్ 10 నిమిషాలు నాననివ్వండి. క్లీనర్‌ని గుడ్డ మీద కొట్టి తుడవాలి, నేరుగా ప్లేటు మీద కొడితే క్రాక్‌లోని రంగు కూడా కడుక్కుపోతుంది. డెవలపర్ వేశాక ఇంకో 10 నిమిషాలు ఆగి చూడండి. ఎస్ఎస్‌కి క్లోరిన్ తక్కువున్న కిట్టే కొనాలి. లోపలా బయటా రెండు వైపులా చేయండి. ఏ వైపు గీతలు దట్టంగా ఉంటే క్రాక్ పుట్టింది ఆ వైపు.

సింధియా ప్లేటర్
హోల్ తప్పేటండి? డెక్ ప్లేటు క్రాక్‌కి హోల్ కొట్టకుండా ఎవడూ గ్రైండర్ ముట్టడు. అసలు సగం క్రాకులకి కారణం రాడ్డు తేమే. 7018 (మామూలు ఉక్కు రాడ్డు) ప్యాకెట్ తెరిచాక మన విశాఖ గాలిలో గంటల తరబడి బల్ల మీద పడేస్తారు. 300-350 డిగ్రీల ఓవెన్‌లో 2 గంటలు కాల్చి, 120లో ఉంచి, క్వివర్‌లో (రాడ్లు వేడిగా ఉంచే డబ్బా) తీసుకెళ్లి 4 గంటల్లో వాడెయ్యాలి. రెండోసారి కాల్చకూడదు. తేమ వల్ల వచ్చే హైడ్రోజన్ క్రాక్ ఆ పూట కనిపించదు, అందుకే 48 గంటలాగి టెస్టు.

లెవెల్ టూ ఇన్‌స్పెక్షన్
ప్లేటర్ గారూ, డెక్ ఎంఎస్ (మైల్డ్ స్టీలు, మామూలు ఉక్కు). ఇక్కడున్నది ఎస్ఎస్ 304, హైడ్రోజన్ క్రాక్ దీని జబ్బే కాదు. అడిగిందొకటి, చెప్పేదొకటి.

గాజువాక టిగ్
22 ఏళ్లు టార్చ్ పట్టినోణ్ణి, 6జీ (వాలుగా బిగించిన పైపు) పొజిషన్లో ఎక్స్‌రే పాసైనోణ్ణి. డీపీ డబ్బా ఊపినంత మాత్రాన వెల్డర్‌కి పాఠం చెప్పొద్దు.

లెవెల్ టూ ఇన్‌స్పెక్షన్
మీ వెల్డు బాగోలేదని ఎవరన్నారు? వెల్డు బాగున్నా దాని పక్క ప్లేటు పగులుతోంది, గొడవంతా అదే. 304 వేడికి ఎంఎస్ కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు సాగుతుంది, వేడిని మాత్రం మూడో వంతే లాక్కెళ్తుంది. ఎంత మంచి చెయ్యి కొట్టినా పక్కన బిగువు మిగులుతుంది. ఎంఎస్‌లా 600 డిగ్రీలకి కాల్చి ఆ బిగువు దించుదామంటే కార్బైడ్లు పేరుకుని గ్రెయిన్ (లోహపు రేణువుల) అంచులు పాడవుతాయి.

అచ్యుతాపురం యుటిలిటీ
ఇంత చర్చ అక్కర్లేదు. 60 డిగ్రీల లోపు 304కి ఈ క్రాక్ రాదు. నీళ్లు 55కి దించేయండి.

లోహం చదువు
60 అనేది ప్లాంటులో పెట్టుకున్న గుర్తు, ప్రకృతి గీసిన గీత కాదు. 1985లో స్విట్జర్లాండ్‌లోని ఉస్టర్‌లో ఈతకొలను మీది కాంక్రీట్ సీలింగ్ కూలి 12 మంది చనిపోయారు. దాన్ని వేలాడదీసిన స్టెయిన్‌లెస్ కడ్డీలకు పట్టింది ఈ క్రాకే. అక్కడ వేడి లేదు. కొలను గాలిలోని క్లోరిన్ సమ్మేళనాలు కడ్డీల మీద పేరుకుని, ఎప్పుడూ కడగక, గాఢమయ్యాయి.

అచ్యుతాపురం యుటిలిటీ
ఈతకొలను వేరు, ల్యాగింగ్ వేరు. 60 సంగతి ప్రతి ఇన్‌స్పెక్షన్ పుస్తకంలో ఉంటుంది.

లోహం చదువు
ఉంటుంది. ల్యాగింగ్ కింద 304 లాంటి ఆస్టెనిటిక్ స్టీలుకి 60 నుంచి 175 డిగ్రీల వరకు ఎక్కువ ప్రమాదమని. 55లో అసలు రాదని ఆ మాటకి అర్థం కాదు. సముద్రపు ఉప్పు రేకు సందులోంచి దిగి, ప్లేటు మీద నీరు ఆవిరై, ఉప్పు మాత్రం మిగులుతుంది. వాన పడ్డ ప్రతిసారీ ఆ పొర చిక్కబడుతుంది. పైగా 8 శాతం నికెల్ దగ్గర ఈ క్రాక్‌కి తట్టుకునే శక్తి అట్టడుగున ఉంటుంది, 304లో ఉన్నది దాదాపు అంతే.

పెందుర్తి ఫ్యాబ్రికేషన్
316ఎల్ (ఇంకో స్టెయిన్‌లెస్ గ్రేడు) ప్లేటు వేసేస్తే పోలా?

లోహం చదువు
316ఎల్‌లోని 2-3 శాతం మాలిబ్డినం గుంటలు పడకుండా కాస్త ఆపుతుంది. ఈ క్రాక్ ఆలస్యమవుతుందంతే. గట్టి జవాబు డూప్లెక్స్ 2205 అనే వేరే రకం స్టెయిన్‌లెస్. అయితే దానికి 2209 వైరు వాడాలి, హీట్ ఇన్‌పుట్ అదుపులో ఉండాలి.

పరవాడ మెయింటెనెన్స్
రెండు వైపులా డీపీ చేయించాం. బయట సాలెగూడులా గీతలు, లోపల ఒక్కటే. అంటే బయటే పుట్టింది. ప్యాడ్‌తో కలిపి 300 ఎంఎం చతురస్రం కోసేస్తున్నాం, కొత్త ప్లేటు 316ఎల్. 2205 మూడు రోజుల్లో దొరకదు. పర్జింగ్‌కి మనిషి లోపలికి దిగాలా? ల్యాగింగ్ సంగతి ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు.

గాజువాక టిగ్
మూలలు చతురస్రంగా వదలొద్దు, కనీసం 25 ఎంఎం గుండ్రం తిప్పండి, ఇంకా ఎక్కువైతే మరీ మంచిది. లేదంటే మూల దగ్గరే బిగువు పట్టి అక్కణ్ణుంచే పగులుతుంది. వైరు ఈఆర్316ఎల్. ఎంఎస్ మీద వాడిన డిస్కు, బ్రష్షు దీని మీద పెట్టొద్దు. వెనకాల చిన్న రేకు పెట్టె టేపుతో అంటించి దాంట్లోకే ఆర్గాన్ వదలండి, ట్యాంకంతా నింపక్కర్లేదు. మనిషి లోపలుండగా మాత్రం ఆర్గాన్ విప్పొద్దు. గాలి కంటే బరువు, అడుగున చేరి ఊపిరాడక ప్రాణం తీస్తుంది. ఆక్సిజన్ మీటర్ 19.5 శాతం కంటే తక్కువ చూపిస్తే దిగకూడదు. కోసిన అంచుకి మళ్లీ డీపీ చేయండి. గీత కనిపిస్తే ఇంకా వెనక్కి కోయాలి, ఇన్‌స్పెక్షన్ ఆయన మాట అక్కడ నిజం.

లెవెల్ టూ ఇన్‌స్పెక్షన్
అంచుకి డీపీ చేశాక అసిటోన్‌తో కడిగే వెల్డు కొట్టండి. రంగు మిగిలితే పోరాసిటీ (వెల్డులో గ్యాస్ బుడగలు). క్లోరిన్ ఉన్న సాల్వెంట్ వద్దు, ఆర్క్ తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

మల్కాపురం ఇన్సులేషన్
ల్యాగింగ్ నేను చెప్తా. ముందు ట్యాంకు బయటంతా డీమినరలైజ్డ్ (లవణాలు తీసేసిన) నీళ్లతో కడిగి ఉప్పు తీసెయ్యండి. తర్వాత ఎపాక్సీ ఫినాలిక్ పూత. జింక్ ఉన్న పెయింటు వద్దు, జీఐ (జింక్ పూత ఉన్న) తీగ కూడా వద్దు: వెల్డు వేడికి కరిగిన జింక్ ఎస్ఎస్‌లోకి దిగి అక్కడికక్కడే పగలగొడుతుంది. ఎస్ఎస్ బ్యాండ్ వాడండి. రాక్‌వూల్ కొనేటప్పుడు క్లోరైడ్ టెస్టు సర్టిఫికెట్ అడగండి. నాజిల్ చుట్టూ సీలెంట్ ఎండి చీలడం వల్లే నీరు దిగుతుంది, కాబట్టి రేకు అతుకులన్నీ కిందివైపు తిప్పి, నాజిల్ దగ్గర విప్పి చూసుకునే మూత పెట్టించండి. వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి ఆ మూత విప్పి చూడాలి.