8 అడుగుల సీఎన్‌సీ రౌటర్: పొడుగు వైపు బాల్‌స్క్రూ ఊగుతోంది

ప్రశ్న: ఇంటి వెనక షెడ్డులో 8×4 అడుగుల ప్లైవుడ్ షీట్ మొత్తం పట్టే రౌటర్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్క కోసే మిషన్) కడుతున్నాను. పొడుగు వైపు, తిరుగుతూ కోసే భాగాన్ని ముందుకి వెనక్కి నడిపే 16 ఎంఎం బాల్‌స్క్రూ, 5 ఎంఎం పిచ్‌ది (ఒక్క చుట్టుకి 5 ఎంఎం జరిపేది) వేశాను. స్పీడు పెంచగానే స్క్రూ మధ్యలో తాడులా ఊగి మిషనంతా దడదడలాడుతోంది. బేరింగులు మార్చినా అంతే. ఆరు నెలల కష్టం, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: అన్నా, తప్పు బేరింగులది కాదు. అంత పొడుగుకి ఆ సన్న స్క్రూ నిమిషానికి దాదాపు 300 చుట్లు దాటితే ఊగక తప్పదు, అంటే మీకు దక్కేది నిమిషానికి మీటరున్నరే, ఆ వేగంతో ప్లైవుడ్ కోస్తే బిట్టు చెక్కని కోయకుండా రుద్దుతూ వేడెక్కిపోతుంది. పళ్ల పట్టీ మీద పళ్ల చక్రం దొర్లే ర్యాక్ అండ్ పినియన్‌కి మారండి. అడ్డం వైపు స్క్రూ అలాగే ఉంచండి, 4 అడుగులకి ఇబ్బంది లేదు.

జవాబు 2: ర్యాక్ వేస్తే రెండు పక్కలా ఒక్కో మోటారు, ఒక్కో హోమింగ్ స్విచ్ (మిషన్ మొదలు స్థానం గుర్తించేది) పెట్టండి. నేను ఒక్క స్విచ్చే పెట్టి, గాంట్రీ (కోసే తలని మోసే అడ్డ వంతెన) వంకరపోయి టేకు తలుపు పాడు చేసుకున్నాను, ఇప్పటికీ బాధే. ఫ్రేమ్ వెల్డింగ్ చేసిందేనా? వేడికి వంగుతుంది, గాంట్రీ జారే రైళ్లు (పట్టాలు) బిగించే ముందు లెవెల్ చూశారా?

ప్రశ్న అడిగినవారు: వెల్డింగే, లెవెల్ చూడలేదండీ. రేపే రైళ్లు విప్పి చూస్తాను.